సీక్లిఫ్ తీరమునందలి సిమెంటు ఓడ

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మన పెద్దలు చెప్పుచుందురు. కలిమిలేములు నిలుకడ లేనివని తెలుపుటకు పుట్టిన సామెత యిది. ఓడ యొకటి బండి కాకపోయినను, మొదట నృత్యశాలయై, పిమ్మట చేపలు పట్టువారికి అరుగై, కడకు పక్షులకు నెలవై, నూరేండ్లలో ఇన్ని జన్మము లెత్తిన వృత్తాంతమును నేడు మా సోదరీమణులకు వినిపింపదలచితిమి. ఆ యోడ కొయ్యతో చేసినది కాదు. ఇనుపరేకులతో కట్టినదియు కాదు. మన యిండ్ల పైకప్పులకు వాడు సిమెంటు కాంక్రీటుతో పోసినది. దాని పేరు పాలో ఆల్టో. స్పెయిను భాషలో ఆ మాటకు ఎత్తైన మ్రాను అని యర్థము. అది యే పనికై నిర్మింపబడెనో ఆ పనిని ఒక్కనాడును చేసి యెరుగదు. అయినను సముద్రయానము చేసి పేరుపొందిన యోడలనేకము మరపునకు వచ్చిన పిమ్మటను, కదలని యీ యోడను చూచుటకు జనులు తరతరములుగ వచ్చుచునే యున్నారు.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో కాలిఫోర్నియా యనునది పడమటి సముద్రపు టొడ్డున నున్న రాష్ట్రము. అందు శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు దక్షిణముగా, త్రోవవెంట దాదాపు 80 మైళ్ళ దూరమున, మాంటరే యఖాతపు టొడ్డున ఆప్టోస్ అను చిన్న యూరు కలదు. ఆ యూరి యిసుకతీరమునకే సీక్లిఫ్ అని పేరు. వెనుక గోడవలె నిలిచిన మట్టిదిబ్బలు, ముందు విశాలమైన యిసుక, ఆ యిసుకకు ఎదురుగా సముద్రములో విరిగి పడియున్న బూడిదవన్నె యోడ. అచ్చటివారు దానిని సిమెంటు ఓడ యనియే పిలుతురు. ఆ కొండల కావలనున్న శానొజే, సన్నీవేల్ మున్నగు పట్టణములలో మన తెలుగు కుటుంబములు వేలకొలది కాపురము లున్నవి. కొడుకులను కోడండ్రను, కూతుండ్రను అల్లుండ్రను చూచివచ్చుటకు వెళ్ళిన తల్లులలో కొందరైనను ఆదివారమునాడు పిల్లలతో కలసి ఆ తీరమునకు పోయి, ఇదేమి వింత యని ప్రశ్నించియే యుందురు. ఆ ప్రశ్నకు సమాధానమే యీ వ్యాసము.

బిందె తేలును, ముద్ద మునుగును

సిమెంటుతో ఓడయా, అది మునిగిపోదా యని చదువరులకు సందేహము కలుగుట సహజము. దీనికి జవాబు మన నూతిగట్టుననే దొరకును. వట్టి యిత్తడిబిందెను చెరువులో విడిచినచో అది తేలును. అదే యిత్తడిని కరగించి ముద్దచేసి పడవైచినచో తత్క్షణమే మునుగును. వస్తువు దేనితో చేయబడినదను దానికంటె, అది తన బరువునకు సరియైనంత నీటిని ప్రక్కకు నెట్టగలదా లేదా యనునదియే ముఖ్యము. లోపల తగినంత బోలు ఉన్నచో ఇనుమైనను తేలును, కాంక్రీటైనను తేలును.

అయితే కాంక్రీటునకు ఒక లోపము కలదు. పైనుండి నొక్కు బరువును అది ఎంతయైనను ఓర్చుకొనును గాని, లాగుడును ఓర్చుకొనలేదు, వంచినచో పగులును. అలలపై నూగులాడు ఓడను సముద్రము క్షణక్షణమును వంచుచునే యుండును. అందుచేత కాంక్రీటు లోపల ఉక్కుకమ్ములను వలవలె అల్లి, లాగుడంతయు ఆ కమ్ములు భరించునట్లు చేయవలెను. ఈ యుపాయమును నావలయందు మొట్టమొదట ప్రయోగించినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన జోసెఫ్ లూయీ లాంబో. ఆయన 1848 ప్రాంతమున ఇనుపతీగల యల్లికపై సిమెంటు మెత్తి చిన్న పడవను చేసెను. 1855లో పారిసు ప్రదర్శనమున దానిని చూచినవారు విస్తుపోయిరి. పిమ్మట చాలకాలమునకు, 1917లో, నార్వే దేశపు ఇంజనీరు నికోలాయ్ ఫౌగ్నర్ 84 అడుగుల పొడవుగల నామ్సెన్‌ఫియోర్డ్ అను కాంక్రీటు ఓడను నిర్మించి, సొంతయంత్రముతో సముద్రముపై నడిపించెను.

యుద్ధము పుట్టించిన యోడ

కుతూహలమునకై మొదలైన యీ పనిని అవసరముగా మార్చినది మొదటి ప్రపంచయుద్ధము. 1917వ సంవత్సరమున జర్మనుల జలాంతర్గాములు కనబడిన యోడనెల్ల ముంచుచుండెను. ఆ యేటి ఏప్రిలులో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. సైనికులను, తిండిగింజలను, చమురును సముద్రము దాటించుటకు ఓడలు కావలసివచ్చెను. కాని ఉక్కు దొరకుట దుర్లభమయ్యెను. ఉన్న ఉక్కంతయు ఫిరంగులకును యుద్ధనౌకలకును పోవుచుండెను. అట్టి సమయమున కాంక్రీటు ఓడలపై అందరి దృష్టియు పడెను. వీనికిని కమ్ముల రూపమున ఉక్కు కావలసినదే గాని, రేకులతో కట్టు ఓడకు పట్టునంత యక్కరలేదు.

కాలిఫోర్నియాలోని వర్తకుడు లెస్లీ కోమిన్ ప్రభుత్వపు టనుమతికై కాచుకొనక, రెడ్‌వుడ్ సిటీ యను చోట నొక పెద్ద కాంక్రీటు ఓడను పోయించి, 1918 మార్చి 14వ తేదీన నీట దించెను. దానికి ఫెయిత్, అనగా విశ్వాసము, అని పేరిడిరి. సిమెంటు ఓడ తేలునా యని సందేహించువారికి ఆ పేరే జవాబు. అది తేలుటయే గాక కొన్నియేండ్లు సరకులను మోసి తిరిగెను. దాని జయమును చూచి అధ్యక్షుడు విల్సన్ అట్టి యోడలను ప్రభుత్వపక్షమున 24 నిర్మించుట కనుమతించెను.

ఈ యోడల విషయమున ఇంకొక చిన్న కథ కలదు. అది మా సోదరీమణులకు తప్పక నచ్చునని తలంతుము. మామూలు కంకరతో పోసిన కాంక్రీటు మిక్కిలి బరువు. ఓడగోడలే అంత బరువైనచో సరకు మోయుటకు సందుండదు. కాన్సస్ సిటీలో ఇటుకలు కాల్చు స్టీఫెన్ హేడ్ అను నాతని బట్టీలో ఒక్కొక్కమారు కొన్ని యిటుకలు వేడి యెక్కువై పూరీవలె ఉబ్బి, ఆకారము చెడిపోవుచుండెను. అట్టివానిని పనికిరానివని పారవేయుట వాడుక. హేడ్ వానిని పరీక్షించి, లోపల సన్నని గాలిగదులుండుటచే అవి తేలికగాను, గట్టిగాను ఉన్నవని గ్రహించెను. ఆ రీతిగా ఉబ్బించిన పలకమట్టిని నలుగగొట్టి కంకరకు బదులు వాడినచో కాంక్రీటు బరువు తగ్గునని కనిపెట్టి, 1918లో దానికి పేటెంటు పొందెను. పాలో ఆల్టో మున్నగు ఓడలకు బలమునిచ్చినది ఒకప్పుడు చెత్తకుప్పకు చేరుచుండిన యీ యుబ్బిన మట్టియే.

అనుమతింపబడిన 24 ఓడలలో పూర్తియైనవి 12 మాత్రమే. 1918 నవంబరు 11వ తేదీన యుద్ధము ముగిసెను. అప్పటికి ఆ పండ్రెండింటిలో ఒక్కటియు సముద్రమున ప్రయాణింపలేదు. పెండ్లి యైపోయిన పిమ్మట వచ్చిన బాజాలవలె అవి ఒక్కటొక్కటిగా నీట దిగుచుండెను. చమురు మోయుటకై ఓక్లండు రేవున పోయబడిన పాలో ఆల్టో 1919 మే 29వ తేదీన నీటిలోనికి జారెను. దాని పొడవు దాదాపు 420 అడుగులు. వెడల్పు 54 అడుగులు. యుద్ధము లేదు, చమురు మోయు పనియు దొరకలేదు. పదేండ్లపాటు ఆ మహానౌక రేవులో కట్టివేయబడియే యుండెను.

తోబుట్టువుల గతి

దానితోపాటు పుట్టిన యోడల గతిని విన్నచో, పని దొరకనందుకు దానిపై జాలిపడవలెనా, సంతోషింపవలెనా యని తోచును. కేప్ ఫియర్ అను ఓడ 1920 అక్టోబరులో మరియొక యోడతో ఢీకొని, మట్టికుండవలె పగిలి, మూడు నిమిషములలో మునిగిపోయెను. అందు 19 మంది నావికులు మరణించిరి. ఉక్కు ఓడకు దెబ్బతగిలినచో రేకు సొట్టపడును. కాంక్రీటు ఓడ బ్రద్దలగును. ఈ దుర్ఘటనతో ఆ లోపము అందరికిని తేటపడెను. జర్మనీ సంధిపత్రముపై సంతకము చేసిన 1919 జూన్ 28వ తేదీననే నీట దిగిన సెల్మా యను ఓడ, మరుసటి యేట మెక్సికోలోని టాంపికో రేవుకట్టను తాకి, ప్రక్కలో పెద్ద రంధ్రము పడి, మరమ్మతునకు లొంగక, 1922లో టెక్సాసు తీరమున గాల్వెస్టన్ చెంత ముంచివేయబడెను. అట్లాంటస్ అను ఓడ యుద్ధానంతరము అమెరికా సైనికులను స్వదేశమునకు చేర్చెను, బొగ్గును మోసెను, కొలదికాలమునకే మూల పడెను. 1926లో దానిని న్యూజెర్సీలోని కేప్ మే యొద్ద పడవలరేవు కట్టుటకై కొనిపోయిరి. ఆ జూన్ నెలలో వచ్చిన గాలివానకు కట్లు త్రెంచుకొని, తీరమున కెదురుగా ఇసుకలో కూరుకొని, మరి కదలలేదు.

పాలో ఆల్టోకు సరిజోడైన పెరాల్టా మాత్రము అదృష్టవంతురాలు. ఓక్లండులోనే పోయబడిన యీ యోడను కెనడా దేశమున పవెల్ రివర్ అను చోటికి తీసికొనిపోయి, కాగితపు కర్మాగారము ముంగిట అలలను ఆపు తేలెడు గోడగా నిలిపిరి. నూరేండ్లు నిండిన పిమ్మటను అది నీటిపై తేలుచునే యుండెను. ఒకే చేతులు పోసిన రెండోడలలో ఒకటి నూరేండ్లు తేలినదన, రెండవది పగిలినదన, దోషము సిమెంటుది కాదని మనకు తెలియుచున్నది. పెరాల్టాకు ప్రశాంతమైన నీరును, చేయుటకొక పనియు దొరకెను. పాలో ఆల్టోకు దొరకినది వేరు.

రెండు వేసవుల వైభవము

1929లో సీక్లిఫ్ తీరమున వినోదస్థలము నేర్పరుపదలచిన వ్యాపారసంఘమొకటి పాలో ఆల్టోను కొనెను. 1930 జనవరిలో దానిని మరియొక యోడచే లాగించి మాంటరే యఖాతమునకు తెచ్చిరి. అదియే దాని మొదటి ప్రయాణము, అదియే కడపటి ప్రయాణము. తీరమున కెదురుగా నిలిపి, అడుగుననున్న తూములు తెరచి నీటిని లోపలికి వదలిరి. ఓడ మెల్లగా దిగి యిసుకపై కూర్చుండెను. ఒడ్డునుండి దానివరకు పొడవైన కొయ్యవంతెనను కట్టిరి. ఓడ పైతట్టును నృత్యశాల చేసిరి, ఫలహారశాల పెట్టిరి, 54 అడుగుల పొడవుగల ఈతకొలను కట్టి, అందు వెచ్చని నీరు నింపిరి, వెనుకభాగమున తిరునాళ్ళలోవలె ఆటలదుకాణములు తెరచిరి.

ఆ కాలమును తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. 1929 అక్టోబరులో న్యూయార్కు వాటాలబజారు కూలి, దేశమంతట ఆర్థికమాంద్యము వ్యాపించుచుండెను. బ్యాంకులు మూతపడుచుండెను; పనులు పోవుచుండెను. అట్టి దినములలో, 1930 వేసవిలో, యుద్ధమునకై పోసిన సిమెంటు ఓడపై దీపములు వెలిగెను, వాద్యములు మ్రోగెను. కాళ్ళక్రింద ఓడ, చుట్టును సముద్రము, అయినను ఊగులాట లేదు. సముద్రయానమునందలి సొగసేగాని బాధ యెవ్వరికిని లేదు. కాని చేత డబ్బులేని జనులు ఎన్నినాళ్ళు వేడుకలకు రాగలరు? రెండు వేసవులు గడచునప్పటికి ఆ వ్యాపారసంఘము దివాలా తీసెను. 1932 శీతకాలపు తుపానులకు ఓడ నడుమ అడ్డముగా పగిలెను. పనికివచ్చు సామానునంతయు ఊడదీసికొని పోయిరి. 1936లో కాలిఫోర్నియా రాష్ట్రప్రభుత్వము ఆ యోడను ఒక్క డాలరునకు కొనెను.

ఒక్క డాలరు! నడుము విరిగిన యోడకు వర్తకులు కట్టిన విలువ అది. కాని దాని నిజమైన యుపయోగము అప్పటినుండియే మొదలయ్యెనని మా యభిప్రాయము. వంతెనయు ఓడయు ప్రభుత్వపు ఉద్యానమున భాగములై సర్వజనులకును తెరువబడెను. నృత్యమునకు రుసుము కావలెను గాని, గాలము వేయుటకు ఓపికయున్న చాలును. తాతలు మనుమలను వెంటబెట్టుకొని వచ్చి ఆ వంతెనపై కూర్చుండి చేపలు పట్టిరి. ఆ మనుమలు పెద్దవారై తమ పిల్లలను తెచ్చిరి. పగుళ్ళు పెరిగినకొలది మనుష్యులు ఓడపైకి పోరాదని అడ్డు కట్టిరి. అప్పుడు వంతెనపైనుండియే గాలములు వేసిరి. ధనికులకై అలంకరించిన రెండేండ్లలో కూడని బంధుత్వము, విరిగిన పిమ్మట ఎనుబదియేండ్లలో ఊరివారికిని ఓడకును కూడెను.

లోపలి శత్రువు

ఇచ్చట మా సోదరీమణులు ఒక ముఖ్యవిషయము గమనింపవలెను. కాంక్రీటు ఓడను చంపునది అలలు మాత్రమే కాదు. లోపలనున్న యుక్కే దానికి ప్రాణమును, శత్రువును కూడ. సిమెంటునందలి క్షారగుణము కమ్ములకు కవచమువంటిది. అది చెడనంతవరకు కమ్మి త్రుప్పుపట్టదు. సముద్రపు టుప్పు సన్నని రంధ్రములగుండ, పగుళ్ళగుండ లోపలికి చొచ్చినచో ఆ కవచము పోవును. కమ్మి త్రుప్పుపట్టును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును. నానిన శనగలు గట్టిగా మూసిన డబ్బామూతను పైకి నెట్టినట్లు, ఉబ్బిన త్రుప్పు చుట్టునున్న కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. పగులు పెద్దదైనకొలది ఉప్పునీరు మరింత పోవును. త్రుప్పు మరింత పెరుగును. ఓడలు తేలికగా నుండవలెనని గోడలను పలుచగా పోసిరి. సెల్మా ఓడకు ప్రక్కగోడ మందము నాలుగంగుళములే. అందుచే కమ్మిపైనుండు సిమెంటుపొర మరింత పలుచనయ్యెను. నడుము పగిలిన నాటినుండి పాలో ఆల్టోలో జరిగినది ఇదియే.

ఇది దూరదేశపు టోడకథ మాత్రమే కాదు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు టూళ్ళలో శ్లాబు అడుగున పెచ్చులూడి, ఎఱ్ఱని త్రుప్పుకమ్ములు బయటపడిన యిండ్లను చూడనివారు లేరు. ఓడకు పట్టిన రోగమే ఆ యిండ్లకును పట్టినది. కనుక ఇల్లు కట్టించుకొనువారు సముద్రపు టిసుకను గాని, ఉప్పునీటిని గాని కాంక్రీటులో కలుపనీయరాదు. కమ్మిపై అంగుళమునకు మించిన మందమున కాంక్రీటు ఉండునట్లు చూడవలెను. పోసిన శ్లాబును ఎండనీయక దినములతరబడి తడుపుచుండవలెను. మేస్త్రీ పనియేకదా, మనకేల యని ఇల్లాలు ఊరకుండరాదు. సన్నని పగులు కనబడిననాడే దానిని విప్పి చూపించి సరిచేయించవలెను. పైన సున్నము కొట్టించి కప్పిపుచ్చినచో పగులు మాయదు, లోలోపల పెరుగును.

పక్షులకు నెలవు

మనుష్యులు దిగిపోయిన యోడను ఇతరప్రాణులు తమ యిల్లు చేసికొనెను. గూడబాతులు, నీటికాకులు, ఇంకను పలువిధములైన సముద్రపక్షులు దానిపై బారులు తీరి కూర్చుండి రెక్కలార్చుకొనును. నీటిలోనున్న గోడలకు ఆల్చిప్పలు, నక్షత్రాకారపు చేపలు అంటుకొనినవి. వానికై చిన్నచేపలు, చిన్నచేపలకై పెద్దచేపలు, వానికై సముద్రసింహములు వచ్చెను. వట్టి యిసుకనేలయైన ఆ చోట, సముద్రము మధ్యనొక ఊరు వెలసినట్లయ్యెను.

అయితే ఓడ తన పూర్వజన్మపు పాపమును గర్భములో దాచుకొనియే యుండెను. దాని తొట్లలో నిలిచిపోయిన పాత యింధనతైలము గోడలు బీటలువారినకొలది బయటికి ఊరసాగెను. చమురు పూసుకొన్న పక్షులు ఒడ్డున కనబడుటచే అధికారులు విచారించి, ఓడయే కారణమని గ్రహించిరి. 2006లో సుమారు 17 లక్షల డాలర్లు వెచ్చించి ఆ తొట్లను శుభ్రపరచిరి. ఒక్క డాలరునకు కొన్న వస్తువునకై అంతటి వ్యయమా యని కొందరికి తోచవచ్చును. కాని యింటికి తెచ్చుకొన్న వస్తువు వెలతో దాని బాధ్యత తీరదని గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు.

సముద్రపు చేతిలో

ఇటీవలి సంవత్సరములలో ఓడపై సముద్రము పట్టు బిగించినది. 2017 జనవరిలో వచ్చిన తుపానునకు కొండలవంటి యలలు లేచి, ఓడ వెనుకభాగమును తెంపివేసెను. తొంబదేండ్లకు సమీపముగా ఒకేచోట నిలిచిన యాకారము ఒక్కరాత్రిలో మారిపోయినదని తీరవాసులు దుఃఖించిరి. 2023 జనవరి మొదటి వారమున అంతకంటె గొప్ప నష్టము కలిగెను. వరుసతుపానులలో అలలు సీక్లిఫ్ తీరపు గోడలను, బాటలను బద్దలుకొట్టెను; ఓడకును ఒడ్డునకును నడుమనున్న కొయ్యవంతెన విరిగెను. ఆ నెలలోనే అధ్యక్షుడు బైడెన్ స్వయముగా వచ్చి ఆ తీరమున జరిగిన నష్టమును చూచెను. మరమ్మతునకు వీలుపడని ఆ వంతెనయొక్క శేషమును ఆ సంవత్సరారంభముననే తొలగించిరి. తాతతో చేతులు పట్టుకొని నడచిన వంతెన పోయినదని ముదుసలులు కన్నీరు పెట్టిరన ఆశ్చర్యమేమున్నది?

ఇప్పుడు ఓడ మరల ఒంటరిదైనది. 1930లో కట్టిన బంధము తెగి, భూమికిని దానికిని నడుమ నీరు తప్ప మరేమియు లేదు. ఇట్టి వస్తువును ఎంతవరకు కాపాడవలెను, ఎప్పుడు విడిచిపెట్టవలెను అనునది తేలికగా తేలు ప్రశ్న కాదు. కాపాడవలెనన్నచో విరిగిన కాంక్రీటును అలలమధ్య నిలబెట్టవలెను. అందుకగు వ్యయమునకు అంతుండదు. ఆ ధనముతో ఒడ్డున నున్న యిండ్లకు, బాటలకు రక్షణ కల్పించిన మేలు కాదా యను వాదము త్రోసిపుచ్చదగినది కాదు. తీసివేయవలెనన్నచో దానిని నమ్ముకొని బ్రతుకుచున్న పక్షులకును చేపలకును ఏది దారి? అట్లని ఉన్నదానిని ఉన్నట్లే వదలినచో సముద్రము తన తీరికనుబట్టి తినివేయును. మాకు తోచినంతవరకు, చమురు తీసివేసిన పిమ్మట ఆ యోడకు మనుష్యులు చేయవలసిన ముఖ్యమైన యుపకారము జరిగియే పోయినది. ఇక మిగిలినది దాని కథను పిల్లలకు చెప్పుట.

ఆ కథలో గొప్ప యుద్ధవిజయము లేదు. దూరదేశపు సరకులు లేవు. ఒక తరము భయముతో చేయించినది. మరియొక తరము వేడుకకై అలంకరించినది. మరి మూడు తరములవారు దానిప్రక్కన కూర్చుండి గాలములు వేసి, పిల్లలకు ఓర్పు నేర్పిరి. ముంగిలిలో కాలు విరిగిన పాతమంచమునైనను పారవేయక, దానిపై వడియములు ఎండబెట్టు మన యింటి యవ్వలకు ఈ యోడ విలువ తెలియును. కొన్న వెలయు, అమ్మిన వెలయు లెక్కపుస్తకములో ఉండును. దానిచుట్టు చేరినవారి దినములు ఆ పుస్తకమున కెక్కవు. నేటికిని సీక్లిఫ్ ఇసుకపై నిలిచినవారికి, దూరమున నీటిలో, సముద్రము కొరికివేయగా మిగిలిన సిమెంటు ఓడయు, దానిపై రెక్కలు విప్పి యెండకాచుకొను నీటికాకులును కనబడుచునే యున్నవి.